ఒక బల్ల, ఎనిమిది మంది: గోదావరి డెల్టాలో కొత్త తరహా నగలు చేసేవారు సంఘంగా నిలబడటం ఎలా

పాలకొల్లులో మా తాతయ్య కుంపటి ముందు కూర్చుంటే వచ్చినవాళ్ళు మొదట అడిగే మాట ఒకటే: "ఎన్ని కాసుల్లో వస్తుందండీ?" ఎన్నో ఏళ్ళ తర్వాత నేను రాగి రేకు, వెండి తీగ, నరసాపురం లేసు కలిపి ఒక హారం చేస్తే, చూసిన మొదటి పెద్దావిడ కూడా అదే అడిగారు. ఆవిడ తప్పేమీ లేదు. మన దగ్గర నగ అంటే కష్టకాలంలో కుదువ పెట్టుకునే ఆస్తి. సమకాలీన నగలో లోహం కొంచెమే ఉంటుంది, మిగతాదంతా ఆలోచన, చేతిపని. ఆ రెండింటినీ తూచడానికి మన త్రాసులో రాయి లేదు. ఆ రాయిని ఒక్కరే తయారు చేసుకోలేరు. అందుకే ఈ మార్గదర్శి.

చేసేవాళ్ళే సంఘం పెట్టుకుని నిలబడిన చోట్లు ఉన్నాయి. అమెరికాలో సొసైటీ ఆఫ్ నార్త్ అమెరికన్ గోల్డ్‌స్మిత్స్ 1969లో, బ్రిటన్‌లో అసోసియేషన్ ఫర్ కాంటెంపరరీ జ్యువెలరీ 1997లో మొదలయ్యాయి. బ్రిటన్ సంఘానికి ఊళ్ళవారీగా చిన్న బృందాలు ఉన్నాయి. మనం తీసుకోవలసింది ఆ చిన్న బృందాల పద్ధతినే. రాజమండ్రిలో పెద్ద ఆఫీసు కంటే పాలకొల్లులో, అమలాపురంలో, భీమవరంలో కలిసి పనిచేసుకునే బల్ల ఒక్కొక్కటి ఉండటం మేలు. బస్సులో గంటలోపు చేరగలిగితేనే మనిషి వారం వారం వస్తాడు.

మొదట ఊరూరా తిరగండి

ఒక నెల ఆదివారాలు దీనికే కేటాయించండి. నరసాపురం, పాలకొల్లు, తణుకు, భీమవరం, రాజమండ్రి, అమలాపురం, కాకినాడ బజార్లలో కుంపటి పెట్టుకున్నవారిని, ఇంట్లోనే పనిచేసేవారిని కలవండి. "మీరు ఏం చేస్తారు?" అని అడిగితే అందరూ "అన్నీ చేస్తామండీ" అంటారు. "ఏ పని ఇంకొకరికి పంపిస్తారు?" అని అడగండి. అసలు చిత్రం అప్పుడు బయటపడుతుంది. రేకు కొట్టేవారు ఒకరు, అచ్చు వేసేవారు ఒకరు, రాళ్ళు పొదిగేవారు వేరు, నగిషీ చెక్కేవారు వేరు, మెరుగు పెట్టేవారు వేరు. ఒక నగ కొనేవారి మెడకు చేరేలోపు ఐదారు చేతులు మారుతుంది. మీ సంఘం జాబితా నిజానికి ఈ చేతుల జాబితా.

ఆ జాబితాలో మూడు రకాలవారిని మరిచిపోకండి. ఒకటి, లేసు అల్లే ఆడవాళ్ళు. దారంతో వాళ్ళు చేసే ముడి, వలను వెండి తీగతో చేస్తే అదే కొత్త నగ. రెండు, బెంగాల్ నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళు. వాళ్ళ చేతిలో మనకు తెలియని రాళ్ళు పొదిగే పని ఉంటుంది, వాళ్ళకు ఇక్కడ సొంతమనేవాళ్ళు ఉండరు. మూడు, పని మానేసిన పెద్దలు. చూపు తగ్గిందని కుంపటి ఆర్పేసిన ఆచారి గారు ఇప్పటికీ మంట రంగు చూసి వెండి ఎంత కాగిందో చెప్పగలరు. పక్కనే మచిలీపట్నం చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పనివారున్నారు. ఒకసారి వెళ్ళి చూసి రండి. ఒక ఊరు మొత్తం ఒకే పని మీద ఎలా బతుకుతుందో అక్కడ అర్థమవుతుంది.

మొదటి కలయిక

మేము మొదటిసారి తప్పు చేశాం. కల్యాణ మండపం మాట్లాడాం, శాలువాలు కప్పాం, అధ్యక్షుడిని, కార్యదర్శిని ఎన్నుకున్నాం. మూడు నెలల్లో అది ఆగిపోయింది. పదవి లేనివాళ్ళకు రావడానికి కారణం కనిపించలేదు.

రెండోసారి ఎనిమిది మందిని మాత్రమే పిలిచాం, ఒక వర్క్‌షాపులో, సాయంత్రం నాలుగింటికి. వచ్చేటప్పుడు చెడిపోయిన పని ఒకటి తెమ్మన్నాం. కరిగిపోయిన ఉంగరం, ఊడిపోయిన అతుకు, పగిలిన రాయి, ఏదైనా సరే. ముందు ఎవరూ తీయలేదు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న ఒక బాబాయి గారు జేబులోంచి వంకర పోయిన గాజు తీసి బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత రాత్రి తొమ్మిదిన్నర దాకా ఎవరూ లేవలేదు. గొప్ప పని చూపిస్తే ఎదుటివారు మెచ్చుకుని ఊరుకుంటారు. పాడైన పని చూపిస్తే తమకు తెలిసింది చెబుతారు. రహస్యాలు దాచుకునే వృత్తిలో నోరు తెరిపించడానికి నాకు తెలిసిన దారి ఇదే.

ఆ రోజే రెండు మాటలు ఒప్పుకోండి. ఇక్కడ చూసిన డిజైన్‌ను అడగకుండా చేయకూడదు. ఇక్కడ నేర్చుకున్న పద్ధతిని ఎవరికైనా చెప్పవచ్చు. డిజైన్ మనిషిది, పద్ధతి అందరిదీ. ఈ తేడా కాగితం మీద రాసి గోడకు అంటించండి.

పంచుకునే బల్ల

సుత్తి, దాగలి, ఆకురాయి, పట్టకారు, ఊదుగొట్టం ఎవరివి వారికి ఉంటాయి. సంఘం కొనవలసినవి ఒక్కరు కొనలేనివి: రేకు, తీగ ఒత్తే రోలింగ్ మిల్లు, తీగను సన్నగా లాగే మంచి కమ్మచ్చు, గ్యాస్ టార్చి, మెరుగు మోటారు, 0.01 గ్రాము దాకా చూపించే త్రాసు. మొదట రోలింగ్ మిల్లు కొనండి. అది ఉంటే పాత వెండి ముక్కల నుంచే రేకు, తీగ చేసుకోవచ్చు, బయట కొనే ఖర్చు తగ్గుతుంది.

గది మేడ మీద చూసుకోండి. డెల్టాలో ఉన్నాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. ఆ రోజుల్లో లంక గ్రామాల సభ్యులు రాలేరు, వాళ్ళకు ఆ నెల రుసుము అడగకండి. ఉప్పు గాలికి ఇనుప పనిముట్లు త్వరగా తుప్పు పడతాయి. పని అయ్యాక నూనె గుడ్డతో తుడవడం అందరి బాధ్యత అని మొదటి రోజే చెప్పాలి. వెండి నల్లబడకుండా గాలి చొరని కవర్లలో పెట్టి, డబ్బాలో సుద్దముక్క ఒకటి వేస్తే తేమ పీల్చుకుంటుంది.

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి. మా వీధిలో పెద్దవాళ్ళు చాలామంది దగ్గుతూనే పోయారు. ఇరుకు గది, కిటికీ మూత, నత్రికామ్లం పొగ. దాన్ని వృత్తిలో మామూలే అనుకున్నాం. మీ బల్ల దగ్గర అలా అనుకోకండి.

కేడీఎం అతుకు పొడి గదిలోకి రానివ్వకండి. అందులోని కాడ్మియం కాలినప్పుడు వచ్చే పొగ ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కాడ్మియం లేని టంకం దొరుకుతుంది, అదే వాడండి. మెరుగు కోసం సైనైడ్ వాడే పద్ధతి నేర్పవద్దు, సీసా గడప దాటనివ్వవద్దు. అతికాక వెలిగారం మరక, నలుపు పోవడానికి లీటరు వేడి నీటికి సుమారు 100 గ్రాముల నిమ్మ ఉప్పు చాలు. ఆమ్లం కంటే కాసేపు ఎక్కువ పడుతుంది, అంతే. మన పాతవాళ్ళు చింతపండు పులుసులో ఉడికించింది ఇందుకే. ఆ నీళ్ళలో ఇనుప పట్టకారు ముంచకండి, ముంచితే వెండి మీద రాగి పొర పడుతుంది. వెదురు పుల్లో, రాగి పట్టకారో వాడండి. ఎప్పుడైనా ఆమ్లం కలపాల్సి వస్తే నీళ్ళలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు.

వాడేసిన నీళ్ళను కాలువలో పారబోయకండి. ఆ నీళ్ళలో రాగి ఉంటుంది, రాగి చేపకూ రొయ్యకూ విషం. మన మురుగు కాలువ నీరు ఏ చెరువులోకి వెళుతుందో మనకు తెలుసు. వెడల్పు ప్లాస్టిక్ తొట్టిలో ఎండబెట్టి, మిగిలిన మడ్డిని రజనుతోపాటు (రంపం, ఆకురాయి కింద రాలే లోహపు పొడి) లోహం శుద్ధి చేసేవారికి ఇవ్వండి. రజను మాట వచ్చింది కాబట్టి, ప్రతి బల్లకూ వేరే డబ్బా పెట్టి పేరు రాయండి. సంఘాల్లో మొదటి గొడవ డబ్బు మీద కంటే రజను మీదే వస్తుంది.

నేర్పడానికి కాలం, క్రమం

మన వృత్తికి పంచాంగమే క్యాలెండర్. మాఘం, ఫాల్గుణం, వైశాఖం పెళ్ళిళ్ళ పని. శ్రావణంలో పెళ్ళిళ్ళతోపాటు వరలక్ష్మీ వ్రతం రూపులు. ఆ రోజుల్లో క్లాసు పెడితే నేర్పేవారికీ తీరిక ఉండదు, నేర్చుకునేవారికీ ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం వచ్చిన రోజులు కుంపటి చల్లగా ఉండే కాలం. ఇంట్లో చేతిలో డబ్బు ఉండదు, టెన్షన్ ఎక్కువ. సరిగ్గా అప్పుడే శిక్షణ పెట్టి, నేర్పే పెద్దలకు రోజు కూలి ఇవ్వండి. "మా పెద్దాయన ఊరికే చెబుతారు" అనే మాట వద్దు. ఊరికే చెప్పించుకున్న విద్యను ఎవరూ లెక్కచేయరు. చెప్పినవారి ఇంట్లో కూడా ఆ రోజు పొయ్యి వెలగాలి.

మేము వారానికి రెండు రోజుల చొప్పున పన్నెండు వారాలు నడిపిన క్రమం చెబుతాను. మొదటి నాలుగు వారాలు రాగి, ఇత్తడి మీదే. వెండి ముట్టుకోనివ్వం, ఎందుకంటే ఖరీదైన లోహం చేతిలో ఉంటే చేయి వణుకుతుంది. రంపం బ్లేడు పళ్ళు కిందికి చూడాలి, రేకు మందంలో కనీసం మూడు పళ్ళు ఆనాలి. లేకపోతే బ్లేడు విరుగుతుంది. మొదటి వారం ఒక్కొక్కరు ఇరవై బ్లేడ్లు విరుస్తారు, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. రెండో వారం ఆకురాయి. మూడో వారం కాల్చి మెత్తబరచడం. దీనికి గదిలో వెలుతురు తగ్గించాలి, అప్పుడే మసక ఎరుపు కనిపిస్తుంది. వెండికి సుమారు 650 డిగ్రీలు చాలు, 925 వెండి (వెయ్యి పాళ్ళలో 925 వెండి, మిగతా రాగి) 800 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. మధ్య దూరం తక్కువ. మార్కర్ పెన్నుతో గీత గీసి, గీత మాయమైనప్పుడు మంట తీసేయడం కొత్తవాళ్ళకు మంచి ఉపాయం.

నాలుగో వారం ఉంగరం. ఇక్కడ ఒక లెక్క నేర్పండి, బతుకంతా పనికొస్తుంది. లోపలి అడ్డుకొలతకు రేకు మందం కలిపి, 3.14తో హెచ్చించాలి. లోపల 17 మిల్లీమీటర్లు, మందం 1.5 అయితే 18.5ను 3.14తో హెచ్చిస్తే 58.1 మిల్లీమీటర్ల పట్టీ కావాలి. మందం కలపకుండా కోసిన ప్రతి ఉంగరమూ బిగుతైపోతుంది. మా తాతయ్య దీన్ని నూలు పోగుతో కొలిచి, "వడ్లగింజంత వదులు" అని కోసేవారు. రెండూ ఒకటే లెక్క.

ఐదు నుంచి ఎనిమిదో వారం దాకా వెండి. మేలిమి వెండి నుంచి 925 వెండి తామే కలుపుకోవాలి. 100 గ్రాముల మేలిమికి 8.1 గ్రాముల రాగి. మూసలో కరిగించడం, కడ్డీ పోయడం, కమ్మచ్చులో తీగ లాగడం. తీగ లాగడం దగ్గర లేసు అల్లే ఆడవాళ్ళను పిలిచాం. వాళ్ళలో ఒకావిడ సన్నని మేలిమి వెండి తీగను క్రోషే సూదితో అల్లి ఒక పూవు చేసి చూపిస్తే, కంసాలి కుర్రాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. మరుసటి వారం ఆవిడ అతుకు పెట్టడం నేర్చుకుంటానన్నారు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన రోజు అది.

చివరి నాలుగు వారాలు ఎవరి నగ వారిది. పాత నగను చూసి దించవద్దు, అలాగని పాతదాన్ని వదలవద్దు. అడ్డబాస, నాగరం, జడబిళ్ళ, కంటె, దండకడియం ఒక్కొక్కటి ఎందుకు ఆ ఆకారంలో ఉందో అడగండి. నాగరం జడ మీద నిలవడానికి వెనక ఏ కొక్కెం ఉంది? కంటె మెడకు ఎలా తెరుచుకుంటుంది? ఆ కీలు అర్థమైతే దానితో కొబ్బరి చిప్ప నగ కూడా చేయవచ్చు. ఒక అమ్మాయి కొబ్బరి చిప్పను సానబట్టి, వెండి అంచు కట్టి, పాత కంటె కీలుతో మెడకు పెట్టింది. కోనసీమ అని పేరు పెట్టనక్కర లేకుండానే అది కోనసీమ నగ.

పెద్దల చేతుల్ని వీడియో తీసి పెట్టుకోండి. ముఖం అక్కర్లేదు, చేతులు, మాట చాలు. తీసే ముందు అడగండి, ఎవరికి చూపిస్తారో చెప్పండి, డబ్బు ఇవ్వండి.

పని ముందు పెట్టుకుని మాట్లాడటం

నెలకొకసారి. ఒక్కొక్కరికి పది నిమిషాలు. చేసినవారు చివర్లో మాట్లాడాలి, మొదట చూసినవారు చెప్పాలి: ఎక్కడ చెయ్యి వెళ్ళింది, ఎక్కడ గుచ్చుకుంది, పెట్టుకుని పది అడుగులు నడిస్తే ఏమైంది. "బాగుంది" అనే మాట ఆ గంటలో వాడకూడదని మా నియమం.

ధర కట్టడం

ఇక్కడే మంచి పనివాళ్ళు వృత్తి వదిలేస్తున్నారు, కాబట్టి లెక్క పూర్తిగా చూపిస్తాను. ఒక వెండి లాకెట్టు 15 గ్రాములు. సులువు కోసం వెండి గ్రాము 200 రూపాయలు అనుకుందాం. లోహం 3,000. తరుగు ఒక గ్రాము, 200. తొమ్మిది గంటల పని, గంటకు 150 చొప్పున 1,350. గ్యాస్, టంకం, మెరుగు 150. మొత్తం 4,700. పనిముట్ల అరుగుదల, సంఘం వాటా పది శాతం 470 కలిపితే 5,170. ఇది మీ చేతికి రావలసిన డబ్బు.

షాపు 30 శాతం కమిషన్ అంటే చాలామంది 5,170కి 30 శాతం కలిపి 6,721 అని చీటీ రాస్తారు. షాపు తీసుకునేది అమ్మిన ధర మీద 30 శాతం. అంటే 2,016 పోయి మీకు 4,705 వస్తుంది. అరుగుదల, వాటా రెండూ ఎగిరిపోయాయి. సరైన పద్ధతి 5,170ను 0.7తో భాగించడం, 7,386 అవుతుంది. ఈ ఒక్క లెక్కను అందరి చేత మూడుసార్లు చేయించండి.

నగతోపాటు చిన్న కార్డు ఇవ్వండి: ఎవరు చేశారు, ఏ లోహం, ఎన్ని గ్రాములు, ఎన్ని గంటలు. "ఎన్ని కాసులు?" అని అడిగేవారికి "తొమ్మిది గంటలండీ" అని జవాబు చెప్పడం అలవాటు చేసుకోవాలి. మొదట వింతగా చూస్తారు. మా దగ్గర ఇప్పుడు కొందరు గంటలు ఎన్నో చూసే కొంటున్నారు.

కాగితాలు

ఒక షాపుకు పదకొండు నగలు మాట మీద ఇచ్చాను. ఎనిమిది నెలలకు ఏడు తిరిగి వచ్చాయి, వాటిలో రెండు వంగిపోయి. మిగతా నాలుగింటి డబ్బు సగమే వచ్చింది. అడగడానికి నా దగ్గర కాగితం లేదు. అప్పటి నుంచి ఫోటో, బరువు, ధర, కమిషన్, డబ్బు ఇచ్చే గడువు, పాడైతే ఎవరి బాధ్యత, ఇవన్నీ రాసి సంతకం లేకుండా ఒక్క మెట్టె కూడా ఇవ్వను. సంఘం తరఫున అచ్చువేసిన రసీదు పుస్తకం ఒకటి ఉంచండి.

బంగారం చేస్తే హాల్‌మార్క్ సంగతి తెలిసి ఉండాలి. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛత, ఆరు అక్షరాలు–అంకెల హెచ్‌యూఐడీ (ఆ నగకే ఇచ్చే గుర్తింపు నంబరు), ఈ మూడూ ఉండాలి. 22 క్యారెట్లకు 916, 18కి 750, 14కి 585. రెండు గ్రాముల లోపు వస్తువులకు, ఏడాదికి 40 లక్షల లోపు టర్నోవర్ ఉన్న అమ్మకందారులకు మినహాయింపు ఉంది. మినహాయింపు ఉన్నా, రాళ్ళు తక్కువగా ఉండి బంగారం ఎక్కువగా ఉన్న నగకు వేయించుకోవడమే మంచిది, కొత్త డిజైన్‌ను అనుమానించేవారికి ఆ ముద్ర ధైర్యం ఇస్తుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో నంబరు చూసుకోవడం కొనేవారికి మీరే నేర్పండి.

డిజైన్ కాపీ కొట్టారని ఏడ్చేవారిని చాలామందిని చూశాను. 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేస్తే పదేళ్ళు, పొడిగిస్తే మరో ఐదేళ్ళు రక్షణ ఉంటుంది. కానీ దరఖాస్తుకు ముందే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తే అది కొత్త డిజైన్ కాకుండా పోతుంది. ముందు దరఖాస్తు, తర్వాత ఫోటో. రిజిస్టర్ చేయని డిజైన్‌తో యంత్రం మీద యాభైకి మించి నగలు తీస్తే కాపీరైట్ కూడా పోతుంది. ప్రతి నగకూ ఇది అక్కర్లేదు, మీకు అన్నం పెడుతున్న రెండు మూడు డిజైన్లకు చేయండి.

చేతివృత్తులవారికి కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో కంసాలి పని ఉంది. శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున భత్యం, పనిముట్లకు 15,000, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష దాకా, తర్వాత రెండు లక్షల దాకా అప్పు. ఇంటికి ఒక్కరికే, ప్రభుత్వ ఉద్యోగి కుటుంబాలకు రాదు. చాలామంది పెద్దలకు దరఖాస్తు నింపడం రాదు. ఒక ఆదివారం బల్ల దగ్గర కూర్చుని అందరివీ సిద్ధం చేసి, కామన్ సర్వీస్ సెంటర్‌కు కలిసి వెళ్ళండి. సంఘం మీద నమ్మకం ఉపన్యాసంతో రాదు, ఇలాంటి పనులతో వస్తుంది.

సంఘం రిజిస్ట్రేషన్‌కు తొందర వద్దు. ఏడాది కలిసి పనిచేశాక చూసుకోండి. శిక్షణ, ప్రదర్శనలే అయితే 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు. కలిసి లోహం కొని, కలిసి అమ్మి, లాభం పంచుకోవాలంటే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం చూడండి, దానికి వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది కావాలి.

చూపించడం, అమ్మడం

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బయటి దేశాల నుంచి పిల్లలు ఊరికి వస్తారు. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కోనసీమ అంతా కదులుతుంది. భోగికి వారం ముందు నుంచి ఒక ఇంటి వరండాలో ప్రదర్శన పెట్టండి. అద్దం పెట్టెల్లో బిగించకండి, పెట్టుకుని చూసుకోనివ్వండి, పెద్ద అద్దం ఒకటి ఉంచండి. పక్కనే బల్ల వేసి ఒకరు పనిచేస్తూ ఉండాలి. రంపం చప్పుడు విని ఆగినవారు ధర గురించి బేరం తక్కువ ఆడతారు, ఇది మేము చాలాసార్లు చూశాం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. యాత్రికులకు చౌక లాకెట్లు వేలకొద్దీ చేయాలని కొందరు అంటారు. చేయగలిగితే చేయండి, కానీ సంఘం పేరు దాని మీద వేయకండి. ఆ పేరు చేతితో చేసిన నగలకే ఉండాలి.

రెండో ఏడు మొదట్లో గది తాళాలు మొదటి బ్యాచ్‌లో నేర్చుకున్న ఒకరికి ఇవ్వండి. మా గది తాళాలు ఇప్పుడు ఆ లేసు అల్లే ఆవిడ దగ్గర ఉన్నాయి. పొద్దున్నే వచ్చి, కిటికీలు తీసి, గ్యాస్ గొట్టం సబ్బు నీళ్ళతో చూసి, అప్పుడు మిగతావాళ్ళకు ఫోన్ చేస్తారు.